పాపకు పదిహేను రోజులు, అవ్వకు పది నెలలు

బళ్లు తెరిచిన నెలా రెండు నెలలకు నాకొచ్చే ఉత్తరాల్లో సగం పిల్లల ఏడుపు గురించే ఉంటాయి. ఈసారి పెద్దవాళ్ల ఏడుపు కూడా వచ్చింది. మూడు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటిదానికే ఎక్కువ చోటు పోయింది, మిగతా ఇద్దరూ ఏమనుకోవద్దు.

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. ఆయన పోయిన ఏడాదిలోపే రెండు ఆవుల్నీ అమ్మేసి, మామిడి తోట గుత్తకిచ్చి, తిరుపతిలో కొడుకు దగ్గరికి వచ్చేశాను. పది నెలలైంది. నాలుగో అంతస్తు. ఇక్కడ నాకు ఏదీ పట్టుబడటం లేదు. లిఫ్టు ఎక్కాలంటే దడ, పొయ్యి వెలిగించాలన్నా ఎవరో ఒకరిని పిలవాలి, తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చేస్తుంది, లేచి ఏం చెయ్యాలో తోచదు. మా మనవరాలికి నాలుగేళ్లు. జూన్‌లో బడికేశారు. మొదటి వారం గేటు పట్టుకుని వీధంతా వినపడేలా ఏడ్చింది. పదిహేను రోజులకల్లా టాటా చెప్పి వెనక్కి కూడా చూడకుండా పోతోంది. మొన్న మా కోడలు నవ్వుతానే అంది, "పాపను చూసి నేర్చుకో అత్తా" అని. మనసు చివుక్కుమంది. రాత్రి పడుకున్నాక మాత్రం, అదీ నిజమే కదా అనిపించింది. పిల్లల మనసుకు ఏదీ పట్టదు కాబట్టి సర్దుకుంటారా? లేక లోపం నాలోనే ఉందా?
- పేరు రాయొద్దన్న ఒక అవ్వ, తిరుపతి

జవాబు: అక్కా (నాకు 59, కాబట్టి అక్కా అనే అంటాను), మీ కోడలు అన్నదాంట్లో సగం నిజముంది, కానీ అది ఆమె అనుకున్న సగం కాదు.

నేను తిరుపతిలోనే ఒక చిన్న బళ్లో 26 ఏళ్లు నర్సరీ పిల్లలకు టీచరుగా పనిచేశాను. అంటే 26 జూన్ నెలల ఏడుపులు విన్నాను. పిల్లల మనసుకు ఏదీ పట్టదనే మాట, ఆ గేటు దగ్గర ఒక్క గంట నిలబడిన మనిషి నోట రాదు. పట్టకపోతే అంత ఏడుపెందుకు? మీ మనవరాలు ఊరికే సర్దుకోలేదు. వారం రోజులు గొంతు పోయేలా ఏడ్చి సర్దుకుంది. మీరు ఈ పది నెలల్లో ఎన్ని రోజులు ఏడ్చారు? అడుగుతున్నానని కాదు గానీ, ఒక్క రోజన్నా నలుగురి ముందు ఏడ్చారా? కొడుకు బాధపడతాడని, కోడలు ఏమనుకుంటుందోనని బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చి ఉంటారు, లేదా అదీ చేసి ఉండరు. ఆయన పోయారు, ఆవులు పోయాయి, వాకిలి పోయింది, అన్నీ రెండేళ్లు తిరక్కుండానే. పాపకు పోయింది పొద్దున తొమ్మిది నుంచి మూడున్నర దాకా అమ్మ మాత్రమే.

పాప చేసిన పని ఇంకోటి గమనించారో లేదో. మొదటి రోజుల్లో ఏదో ఒక వస్తువు ఇంటి నుంచి పట్టుకుపోయి ఉంటుంది. నా దగ్గరికొచ్చిన పిల్లల్లో ఒకమ్మాయి వాళ్లమ్మ పాత చున్నీ ముక్క తెచ్చుకునేది. ఒక పిల్లోడైతే ఏ తాళానికీ పట్టని తాళంచెవి ఒకటి జేబులో వేసుకొచ్చేవాడు, అన్నం తినేటప్పుడు కూడా ఎడమ చేతిలో అది ఉండాల్సిందే. చేరిన కొత్తలో మేము అవన్నీ లాక్కుని బీరువాలో పెట్టేవాళ్లం, బడిలో ఇంటి వస్తువులేంది అని. అది తప్పని నాకు తెలియడానికి నాలుగైదేళ్లు పట్టింది. డొనాల్డ్ వినికాట్ అని బ్రిటన్‌లో పిల్లల డాక్టరు ఒకాయన 1950లలోనే దీని గురించి రాశాడు. అమ్మ పక్కన లేని చోటుకు పోయేటప్పుడు పిల్లలు ఇలాంటి ఒక గుడ్డపీలికనో బొమ్మనో వంతెనలా వాడుకుంటారని, దాన్ని పెద్దవాళ్లు లాక్కోకూడదని, ఉతకను కూడా కూడదని. వాసన పోతే అది అది కాదు కదా. ఆ తాళంచెవి పిల్లోడు దసరా సెలవుల తర్వాత దాన్ని ఎక్కడ పడేశాడో వాడికే గుర్తులేదు. మనం లాక్కోవాల్సిన పనే లేకపోయింది.

మీరు పల్లె నుంచి ఏం తెచ్చుకున్నారు? మీ కొడుకు "ఈ పాత సామాను ఎందుకమ్మా, అన్నీ అక్కడున్నాయి కదా" అనే ఉంటాడు, మంచికే అని ఉంటాడు. అమ్మేసిన ఆవు మెడలో గంట మీ దగ్గర మిగిలిందా? ఉంటే తెచ్చి ఇంట్లో కట్టుకోండి. ఎవరైనా నవ్వితే నవ్వనీయండి.

ఇక ఆట. మీ మనవరాలు సాయంత్రం ఇంటికొచ్చి బొమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, వేలు చూపిస్తా "నోటి మీద వేలేసుకో" అని అదిలిస్తోందా? పందెం కాస్తాను, అదిలిస్తానే ఉంటుంది. బళ్లో తనను ఎవరో కూర్చోబెడతారు, లేపుతారు, ఏదీ తన చేతిలో ఉండదు. ఇంట్లో ఆ ఆటను తిరగేసి తానే టీచరవుతుంది. ఒకటే ఆట నలభై సార్లు ఆడుతుంది, మనకు తలనొప్పి వచ్చేస్తుంది. దానికి మాత్రం అక్కడే పని జరుగుతూ ఉంటుంది, భయం అరుగుతూ ఉంటుంది. పెద్దవాళ్లకు ఈ వెసులుబాటు లేదు, అలా చేస్తే మతి పోయిందంటారు. ఆ మాటకొస్తే మన తిరుపతిలో పెద్దలు కూడా ఆడుకునే వారం ఒకటుంది. మేలో గంగజాతర మీరు చూసే ఉంటారు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని రోజుకో వేషం, మగాళ్లు చీరలు కట్టి జడలేసుకుని తాతయ్యగుంటకు పోతుంటే ఎవరూ వింతగా చూడరు. దాక్కున్న పాలెగాణ్ని పట్టడానికి గంగమ్మే రోజుకో వేషం మార్చిందని కదా కథ. మిగతా 51 వారాలు మాత్రం మనందరం బిగుసుకునే ఉంటాం.

ఇప్పుడు మీ కోడలు అన్నదాంట్లో నిజమైన సగం దగ్గరికి వస్తాను. పాప సర్దుకుందంటే, దానికి సర్దుకునే వీలు ఇంటిల్లిపాదీ కలిసి ఇచ్చారు. కొత్త బ్యాగు కొన్నారు. వారం ముందు నుంచే బడి గురించి చెప్పారు. ఏడిస్తే ఎత్తుకున్నారు. ఏం వండితే డబ్బా ఖాళీ చేస్తుందో కనుక్కున్నారు. అన్నిటికంటే ముఖ్యం, రోజూ మూడున్నరకు గేటు దగ్గర ఒక మనిషి నిలబడి ఉంటారు (బహుశా మీరే). ఇంటికొచ్చాక అందరూ అడుగుతారు, "బళ్లో ఏం చేశావు, ఎవరు కొట్టారు, ఏం పాట చెప్పారు" అని. సాయంత్రం మీ దగ్గర కూర్చుని "ఈ రోజు ఏం చేశావత్తా" అని అడిగిన మనిషి ఈ పది నెలల్లో ఎవరు? ఈ పేరా కోడలికి చదివి వినిపించండి. తిట్టడానికి రాయడం లేదు, ఆ పిల్ల కూడా ఉద్యోగం, ఇల్లు అని పరుగులు తీస్తూ ఉండి ఉంటుంది. పాపను చూసి మీరు నేర్చుకునేదాని కంటే, పాపకు తాము ఏం చేశారో చూసి వాళ్లు నేర్చుకోవాల్సింది ఎక్కువని నా ఉద్దేశం.

మీరు నేర్చుకోగలిగింది కూడా ఒకటుంది. దానికి నాలుగేళ్ల పిల్ల కంటే ఏడాది పిల్ల మంచి గురువు.

న్యూయార్క్ యూనివర్సిటీలో కారెన్ అడాల్ఫ్ అనే ఆవిడ ఏళ్ల తరబడి చంటిపిల్లల నడకనే చూస్తూ కూర్చుంది. వాళ్లు 2012లో అచ్చేసిన లెక్క ప్రకారం 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటూ ఉన్నప్పుడు గంటకు సగటున 2,368 అడుగులు వేస్తారు, 17 సార్లు పడతారు. గంటకు! నాకు అంతకంటే ఆసక్తిగా అనిపించింది వేరే ఉంది. నడక మొదలుపెట్టబోయే ముందు పిల్లలు పాకడంలో ఆరితేరి ఉంటారు, ఏటవాలుగా ఉన్న చోట దిగొచ్చో లేదో అంచనా కూడా వేయగలరు. అదే పిల్లలు లేచి నిలబడి నడక మొదలుపెట్టిన వారంలో ఆ తెలివంతా గాలికి పోతుంది. పాకేటప్పుడు వద్దని ఆగిపోయిన వాలు మీదికే తూలుకుంటూ నడిచిపోతారు, అక్కడ కింద పట్టుకోవడానికి పెద్దవాళ్లు ఉంటారు కాబట్టి సరిపోయింది. పాకడంలో నేర్చుకున్నది నడకకు పనికిరాదు, మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. అయినా వచ్చిన విద్యను వదిలేసి రాని విద్యలోకి ఎందుకు దిగుతారంటే, కొత్తగా నడిచే పిల్లలు ఆరితేరిన పాకుడు పిల్లల కంటే ఎక్కువ దూరం తిరుగుతారట, తిరిగినదాంతో పోల్చి చూస్తే పడటం కూడా ఏమంత ఎక్కువ కాదట.

మీరు పల్లెలో ఆరితేరిన మనిషి. పాలు పితికారు, తోతాపురి పిందె చూసి కాపు చెప్పగలరు, వర్షం వాసన పట్టగలరు. నాలుగో అంతస్తులో అవేవీ పనికి రాకపోయేసరికి మీకు మీరే ఏమీ చేతకాని మనిషిలా కనపడుతున్నారు. మీకు సర్దుకోవడం రాక కాదు, చేతకానితనం అలవాటు లేక. పిల్లలకు ఏదీ చేతకాకపోవడం రోజూ ఉండేదే, అందులో వాళ్లకు సిగ్గు లేదు. మనకు లిఫ్టులో తప్పు మీట నొక్కి మూడో అంతస్తులో తలుపు తెరుచుకుంటే, అక్కడ నిలబడ్డవాళ్లు చూస్తే, ఆ పూటంతా అదే గుర్తొస్తుంది.

కాబట్టి పాపను వెంటబెట్టుకుని, మధ్యాహ్నం జనం లేని వేళ లిఫ్టులో ఊరికే కిందికీ పైకీ పది సార్లు తిరగండి. పాపకు అంతకంటే పండగ ఉండదు. మీట అది నొక్కితే రెండోసారి మీరు నొక్కండి, తప్పు నొక్కండి కావాలనే. పొయ్యి కూడా అంతే, పాప ఎదుట వద్దు గానీ, కోడలు పక్కనుండగా వరసగా ఐదారు సార్లు వెలిగించి ఆర్పండి.

నాలుగింటికి మెలకువ రావడం గురించి నేనైతే బాధపడను. ఏ ఊళ్లోనైనా అది ఇబ్బందేమో, తిరుపతిలో నాలుగింటికి లేచిన మనిషికి తోడు కరువా? పైన కొండ మీద అప్పటికే సుప్రభాతం అయిపోయి ఉంటుంది. కింద పూలమ్మేవాళ్లు, టీ కొట్లు, మెట్ల దారి పట్టిన యాత్రికులు, ఊరు సగం లేచే ఉంటుంది. కాస్త వెలుతురు వచ్చాక అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి దిగండి, పాలవాడు వస్తాడు కదా, ఆ పాలల్లో నీళ్లెన్నో చెప్పగలిగిన మనిషి ఆ బిల్డింగ్ మొత్తానికీ మీరొక్కరే అయి ఉంటారు. నెలకోసారి మీ పల్లెకు పోయి తోట చూసి రండి, గుత్తకిచ్చినంత మాత్రాన చెట్లు పరాయివి అయిపోవు. ఆ రోజు సాయంత్రం మిమ్మల్ని బస్టాండులో దించుకోవడానికి కొడుకును రమ్మనండి, ఆటోలో వస్తాలే అనొద్దు.

ప్రశ్న: ఉద్యోగ రీత్యా బెంగళూరు నుంచి చిత్తూరుకు మారాం. మా బాబుకు ఐదున్నరేళ్లు. ఇంట్లో గలగలా మాట్లాడతాడు, కొత్త బళ్లో మాత్రం రెండు నెలలైనా నోరు విప్పడం లేదట. "పిల్లలు ఇట్టే అలవాటు పడతారు సార్, టెన్షన్ పడకండి" అని అందరూ అంటున్నారు. వీడు ఎందుకు పడటం లేదు?
- ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: ఆ "ఇట్టే" అనే మాట నాకూ నచ్చదు సార్. అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే ఇద్దరు డాక్టర్లు 1956లో న్యూయార్క్‌లో మొదలుపెట్టి కొంతమంది పిల్లల్ని పుట్టిన దగ్గర నుంచి పెద్దయ్యేదాకా గమనించారు. ఏ మార్పు వచ్చినా సులువుగా కలిసిపోయేవాళ్లు వాళ్లలో 40 శాతమే. 15 శాతం మంది నిదానంగా, ముందు దూరం నుంచి చూసి, తర్వాత మెల్లగా దగ్గరయ్యే రకం. మరో 10 శాతం మంది ప్రతి కొత్తదాన్నీ పెద్ద గొడవ చేసి గాని ఒప్పుకోరు. మిగిలినవాళ్లు ఏ గంపలోనూ పూర్తిగా పట్టరు. మీవాడు ఆ 15 శాతంలో వాడేమో. అక్కడ కన్నడం విన్న చెవులకు ఇక్కడ తెలుగు, పిల్లల ఆటల్లో మధ్యమధ్యలో అరవం, మన చిత్తూరు సంగతి తెలిసిందే కదా. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్నాళ్లు నోరు మూసుకుని వినడం మామూలే. చూడటం కూడా పనే, గోడకానుకుని చూసే పిల్లోడు ఎవరు ఎవరి జట్టో, ఏ టీచరుకు ఎప్పుడు కోపం వస్తుందో అన్నీ లెక్కేసుకుంటూ ఉంటాడు. కొత్త ఆఫీసులో చేరిన మొదటి రోజే అన్నిట్లో తలదూర్చి చెడ్డపేరు తెచ్చుకునే పెద్దవాళ్లను చూశాక, నాకు ఈ రకం పిల్లల మీద గౌరవం పెరిగింది.

అయితే ఒక జాగ్రత్త. ఇంట్లో బాగా మాట్లాడుతూ, బళ్లో మాత్రం అస్సలు మాట్లాడలేకపోవడం అనేది ఆందోళన వల్ల వచ్చే ఇబ్బంది కూడా కావచ్చు. బడిలో చేరిన మొదటి నెలను వదిలేసి, ఆ తర్వాత కూడా నెలకు పైగా అలాగే ఉంటే డాక్టర్లు దాన్ని పట్టించుకుంటారు. మీకు రెండు నెలలు నిండాయి. కొత్త భాష వల్లా, దీనివల్లా అనేది ఉత్తరం చదివి నేను చెప్పలేను, మీరూ ఊహించుకోవద్దు. ఈ నెలలోనే ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి, అవసరమైతే వాళ్లే పిల్లల సైకాలజిస్టు దగ్గరికి పంపుతారు. పెద్దయితే వాడే మాట్లాడతాడులే అని ఏడాది ఆగొద్దు. ఈలోగా "ఈ రోజన్నా మాట్లాడావా" అని రోజూ అడగడం మానేయండి. చాక్‌పీసులు పంచడం, పుస్తకాలు పోగుచేయడం లాంటి, మాటతో పనిలేని పనేదైనా వాడికి ఇమ్మని టీచరును అడగండి. అదే తరగతి పిల్లోణ్ని ఒకణ్ని ఆదివారం మీ ఇంటికి పిలవండి, ఒక్కణ్నే. మా బళ్లో ఇలాంటి పిల్ల ఒకతి ముందు గుసగుసగా మాట్లాడింది పక్కనున్న పిల్లతోనే, నాతో కాదు. నాకు అది చేరడానికి ఇంకో నెల పట్టింది.

ప్రశ్న: చిత్తూరులో కిరాణా కొట్టు. 47 ఏళ్లు. కొత్తగా బిల్లులు కొట్టే మిషన్ కొన్నాను, ముట్టుకోవాలంటే చేతులు వణుకుతున్నాయి, ఇప్పటికీ చీటీ మీదే రాస్తున్నాను. మా నాలుగేళ్ల పాప మాత్రం వచ్చి టకటకా నొక్కేస్తుంది. వాళ్ల బుర్రలు వేరేనా మేడమ్?
- ఒక వ్యాపారి, చిత్తూరు

జవాబు: కొంత వేరే, కొంత మనం అనుకోవడమే. అమెరికాలో బర్కిలీ యూనివర్సిటీలో అలిసన్ గాప్నిక్ బృందం ఒక పెట్టె తయారుచేసింది, సరైన దిమ్మలు పెడితే దీపం వెలిగి పాట వస్తుంది. ఒక్కో దిమ్మకే వెలగడం మామూలు పద్ధతి, రెండు కలిపి పెడితేనే వెలగడం వింత పద్ధతి. 2014లో వాళ్లు అచ్చేసినదాన్ని బట్టి, ఆ వింత పద్ధతిని నాలుగైదేళ్ల పిల్లలు పట్టేసినంత తేలిగ్గా పెద్దవాళ్లు పట్టలేకపోయారు. కళ్లముందు కనపడుతున్నా, ఒక్క దిమ్మే వెలిగిస్తుందనే పాత నమ్మకం వదలలేదు.

నా సంగతే చూడండి, 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి వేరే జిల్లా, అయినా ఇప్పటికీ కవరు మీద నా చెయ్యి చిత్తూరు జిల్లా అనే రాసేస్తుంది. మా పక్కింటి నాలుగేళ్లోడు తిరుపతి జిల్లా అని ఠక్కున చెబుతాడు. వాడు మార్పుకు సర్దుకున్నాడని మెచ్చుకోవడానికేముంది, వాడికి కొట్టేయాల్సిన పాతది ఏదీ లేదు. మీ బుర్రలో ఇరవై ఏళ్ల చీటీ లెక్క ఉంది, అది తప్పేం కాదు, దాంతోనే కొట్టు నిలబెట్టారు. పైగా పాప తప్పు నొక్కితే పోయేదేం లేదు, మీరు తప్పు నొక్కితే డబ్బు పోతుంది, ఎదురుగా నిలబడ్డ మనిషి విసుక్కుంటాడు. చెయ్యి వణకదా మరి.

అందుకని రాత్రి షట్టరు దించాక మొదలుపెట్టండి. బిల్లు కొట్టడం కాదు, కొట్టిన బిల్లును రద్దు చేయడం ముందు నేర్చుకోండి, మిషన్ అమ్మినవాళ్లను పిలిచి అదొక్కటే రెండుసార్లు చూపించమనండి. అది చేతికొచ్చాక పాపను స్టూలు మీద కూర్చోబెట్టి గిరాకీని చెయ్యండి. అది యాభై కిలోల జీలకర్ర అడుగుతుంది, మూడొందల సబ్బులు అడుగుతుంది, అన్నీ కొట్టండి, కాగితం పోతే పోయింది. పడుకునే ముందు ఆ బిల్లులన్నీ రద్దు చేయడం మాత్రం మర్చిపోవద్దు, లేకపోతే పొద్దున స్టాకు లెక్కలో కొట్టు సగం ఖాళీ అయిపోయి కనపడుతుంది.